బాబిలాన్ 5 మొదటి సీజన్ వదిలేయాలా? ముందే అనుకున్న కథ, నడుస్తూ అల్లిన కథ

కొత్తగా చదివేవాళ్ళ కోసం ముందు ప్రశ్న ఏమిటో చెప్తాను. హనుమకొండ కిషన్‌పురలో ఒకే రూమ్‌లో ఉండే నలుగురు స్నేహితులు ఆదివారాలు కూర్చుని బాబిలాన్ 5 చూస్తున్నారు, ఒక అంతరిక్ష కేంద్రం మీద నడిచే అమెరికన్ టీవీ సిరీస్ అది. తొమ్మిదో ఎపిసోడ్ దగ్గర బండి ఆగింది. ఒకాయన "ఈ సీజన్ మొత్తం ఫిల్లరే, అసలు కథతో పనిలేని భర్తీ సరుకే, ఎలాగూ కమాండర్ మారిపోతాడట, నేరుగా రెండో సీజన్‌కు పోదాం" అంటున్నారు. రెండో ఆయన బ్యాటిల్‌స్టార్ గెలాక్టికా, లాస్ట్ అనే సిరీస్‌లు చూసి బాగా నొచ్చుకున్న మనిషి. "ఐదేళ్ళ కథ ముందే ఉందని అందరూ చెప్తారు, నిజానికి ఎవరి దగ్గరా ఉండదు, చివర్లో ఏదో ఒకటి అతికిస్తారు" అని ఆయన వాదన. మూడో ఆయనకు ది ఎక్స్‌పాన్స్ అనే సిరీస్ ఒక్కటే నమ్మదగిన కథ, ఎందుకంటే దాని వెనక నవలలున్నాయి. ఈ ముగ్గురి మధ్య నలిగిపోయి, ఎవరు రైటో తేల్చమని అడిగింది మీరు.

నేను హైదరాబాద్‌లో తెలుగు డైలీ సీరియళ్ళకు చాలా ఏళ్ళు కథ, స్క్రీన్‌ప్లే పని చేసి ఇప్పుడు సుబేదారిలో ఉంటున్నాను. అంతరిక్షం కథల పిచ్చి అంతకంటే పాతది. కాబట్టి చూసేవాడిగా కొంత, రాసే బల్ల దగ్గర కూర్చున్నవాడిగా కొంత చెప్తాను. మీరు చూడని ఎపిసోడ్ల సంగతులు వీలైనంత దాచిపెడతాను.

మొదటి సీజన్ వదలకండి. ఇక వాదన సంగతికొస్తే, మీరందరూ కలిసి తేలని ప్రశ్న ఒకటి పట్టుకున్నారు. రచయిత తన గదిలో ఏం రాసి పెట్టుకున్నాడో తెర ముందున్న మనకు కనపడదు. నిన్న జరిగింది ఇవాళ్టి కథకు గుర్తుందా లేదా అన్నది మాత్రం కనపడుతుంది. ఒక పాత్ర ఒక తప్పు చేస్తే, దాని బాకీ ఎన్ని ఎపిసోడ్ల తర్వాతైనా వచ్చి తలుపు తడుతోందా? పెద్ద కథను నేను దాంతోనే కొలుస్తాను. ముందే అనుకోవడం దానికి సాయపడుతుంది, చాలా సాయపడుతుంది. అంతకు మించి దానికి మహిమ లేదు.

కథ ముందే సిద్ధంగా ఉందంటే చివరి ఎపిసోడ్ చివరి డైలాగు దాకా ఫైల్లో ఉంటుందని బయటివాళ్ళు అనుకుంటారు. టీవీలో అలా కుదరదు. మా దగ్గర కథాసారం అని కొన్ని పేజీలు ఉండేవి. దాని మీద ట్రాకులు వేసుకునేవాళ్ళం: కోడలి ట్రాక్, మరిది అప్పుల ట్రాక్, ఇలా. ట్రాక్ నుంచి వారం వారం వన్‌లైన్, వన్‌లైన్ నుంచి సీన్లు. అరగంట స్లాట్‌లో ప్రకటనలు పోగా ఇరవై, ఇరవై రెండు నిమిషాల కథ, చివర ఎవరో ఒకరి ముఖం మీద ఫ్రీజ్. గురువారం రేటింగులు చేతికొస్తే ఒక ట్రాక్ సాగేది, ఇంకోటి చిక్కిపోయేది. దీనికి తోడు ఆర్టిస్టుల డేట్లు.

ఒకసారి అత్తగారి వేషం వేసే ఆవిడకు సినిమా షూటింగ్ పడి కొన్ని వారాలు దొరకలేదు. కథలో ఆవిడను కాశీయాత్రకు పంపాం. కోడలు ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని "ఆ అత్తయ్యా, ఇక్కడంతా బాగానే ఉన్నాం" అంటుంది, అవతలి గొంతు ఉండదు, కోడలి క్లోజప్ ఒక్కటే. ఈలోగా ఇంట్లో మరిది అప్పు తీర్చడానికి ఆ పిల్ల గాజులు కుదువ పెట్టే సీన్లు నడిచాయి. ఆవిడ షూటింగ్ ముగించుకుని వచ్చాక ఏం రాయాలన్నది మా బల్ల మీదికి వచ్చింది. పెట్టె దించకముందే, గుమ్మంలో కాళ్ళకు నీళ్ళిస్తున్న కోడలి చేతుల వంక అత్త చూస్తుంది. మట్టి గాజులు. ఏమీ అనదు. ఆ సీన్ ముందుగా ఎవరూ అనుకున్నది కాదు. అనుకోకుండా వచ్చిన ఖాళీలో పుట్టింది. కానీ కాశీయాత్ర, అబద్ధం చెప్పిన ఫోన్, గాజులు, మూడూ అందులో ఉన్నాయి. చూసినవాళ్ళు అదంతా మొదటి నుంచీ అలాగే అనుకున్న కథ అనే నమ్మారు.

ఇది బుర్రలో పెట్టుకుని బాబిలాన్ 5 దగ్గరికి రండి. సృష్టికర్త జె. మైకేల్ స్ట్రజిన్‌స్కీ మొదటి నుంచీ చెప్పింది ఒకటే: ఇది టీవీ కోసం రాస్తున్న నవల, మొదలు, మధ్య, ముగింపు ఉన్న ఐదేళ్ళ కథ. పైలట్ 1993 ఫిబ్రవరిలో వచ్చింది, సిరీస్ 1994 నుంచి 1998 దాకా నడిచింది. మొత్తం 110 ఎపిసోడ్లలో 92 ఆయనే రాశాడు. మూడు, నాలుగు సీజన్లలో ప్రతి ఎపిసోడూ ఆయనదే. మా లెక్కలో ఇది నమ్మలేని పని. సంవత్సరానికి 22 ఎపిసోడ్లు, ఒక్కోటీ నలభై నిమిషాల పైమాట, ఒక్క చెయ్యి.

ఆ రోజుల్లో అలాంటి కథ ఎందుకు అరుదో కూడా తెలియాలి. అమెరికాలో చాలా సిరీస్‌లు సిండికేషన్ మీద బతికేవి. ఒక్కో ఊరి స్టేషన్ కొనుక్కుని తనకు వీలైన వేళలో వేసుకునేది, పునఃప్రసారాల్లో వరుస తప్పినా పట్టించుకునేది కాదు. ప్రేక్షకుడు ఒక వారం మిస్సయితే మళ్ళీ చూసే దారి తక్కువ. కాబట్టి ఏ ఎపిసోడ్‌కు ఆ ఎపిసోడే ముగిసిపోవాలి, మర్నాటికి అందరూ మళ్ళీ మామూలుగా ఉండాలి. స్టార్ ట్రెక్ నెక్స్ట్ జనరేషన్‌లో 1990లో బోర్గ్ అనే యంత్రమానవ జాతి చేతిలో చిక్కి బయటపడిన కెప్టెన్ పికార్డ్, తర్వాతి ఎపిసోడ్‌లో సొంతూరు వెళ్ళి అన్నతో బురదలో కలబడి ఏడుస్తాడు. జరిగిందాన్ని కథ మర్చిపోకపోవడమే అప్పట్లో పెద్ద సాహసం, అందుకే ఆ ఎపిసోడ్‌ను అభిమానులు ఇప్పటికీ తలుచుకుంటారు. స్ట్రజిన్‌స్కీ ఆ సాహసాన్ని ఐదేళ్ళు చేస్తానన్నాడు.

అయితే ఆయన తెలివి ఇంకోచోట ఉంది. ప్రతి ముఖ్య పాత్రకూ ఒక దొంగదారి పెట్టుకున్నాడు. నటుడు వెళ్ళిపోతే, జబ్బు పడితే, జీతం దగ్గర పేచీ వస్తే, ఆ పాత్రను కథ దెబ్బతినకుండా బయటకు పంపి, దాని పనిని ఇంకో పాత్ర చేత ఎలా చేయించాలో ముందే ఆలోచించి పెట్టుకున్నాడు. మీ రెండో స్నేహితుడు అనే "ప్లాన్" ఇదే అయితే, అది ఉంది. జరగబోయే సంఘటనల పట్టిక కంటే, ఏది చెదిరినా ఏది చెదరకూడదో తెలిసి ఉండటం అందులో ఎక్కువ.

ఇక కమాండర్ సింక్లేర్ సంగతి. మైకేల్ ఓ'హేర్ మొదటి సీజన్ తర్వాత వెళ్ళిపోయాడు, రెండో సీజన్‌లో బ్రూస్ బాక్స్‌లైట్నర్ వచ్చాడు. మన సీరియళ్ళలో అయితే అదే పాత్రలో కొత్త ముఖాన్ని దింపి, కింద "ఇకపై ఈ పాత్రలో" అని స్క్రోల్ వేస్తారు. ఇక్కడ అలా చేయలేదు. సింక్లేర్ వెళ్ళాడు, షెరిడన్ అనే వేరే మనిషి వచ్చాడు, ఎందుకు ఒకరు పోయి ఇంకొకరు రావాల్సి వచ్చిందన్నది కూడా కథలోకే ఎక్కింది. దాని మీద అభిమానులు ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు. ఛానెల్ తీసేసిందని కొందరు, నటన చాలలేదని కొందరు, కథ ముందే అలా ఉందని ఇంకొందరు.

నిజం 2013లో బయటికొచ్చింది. అంతకు ముందు ఏడాది, 2012లో ఓ'హేర్ చనిపోయాడు. మొదటి సీజన్ తీస్తున్నప్పుడే ఆయన తీవ్రమైన మానసిక వ్యాధితో, లేనిపోని భ్రమలతో సతమతమయ్యాడు. షూటింగ్ ఆపేసి వైద్యం చేయించుకోమని స్ట్రజిన్‌స్కీ అన్నాడు. ఆపితే యూనిట్‌లో అందరి ఉద్యోగాలు పోతాయని ఓ'హేర్ ఒప్పుకోలేదు, సీజన్ పూర్తి చేసే వెళ్ళాడు. ఈ సంగతి తన ప్రాణం పోయేదాకా తన దగ్గరే ఉంచుతానని స్ట్రజిన్‌స్కీ అంటే, నీ ప్రాణం దాకా అక్కర్లేదు, నాది పోయేదాకా చాలు, తర్వాత చెప్తే ఎవరికైనా పనికొస్తుందన్నట్టు ఓ'హేర్ చెప్పాడు. అందుకే ఆయన పోయాకే లోకానికి తెలిసింది. మీ రూమ్‌లో ఎవరైనా సింక్లేర్ ముఖం బిగుసుకుపోయి ఉంటుందని విసుక్కుంటుంటే, ఈ సంగతి తెలుసుకుని మళ్ళీ చూడమనండి. నేనైతే ఎనిమిదో ఎపిసోడ్, యాండ్ ద స్కై ఫుల్ ఆఫ్ స్టార్స్, ఆ తర్వాత వేరే కళ్ళతో చూశాను. తనకు గుర్తు లేని ఇరవై నాలుగు గంటల కోసం తన బుర్రలో తానే వెతుక్కునే మనిషి కథ అది.

ఇప్పుడు మీ మొదటి స్నేహితుడికి జవాబు. మొదటి సీజన్ ఇరవయ్యో ఎపిసోడ్ బాబిలాన్ స్క్వేర్డ్‌లో ఒక ముడి వేస్తారు. అది 1994 ఆగస్టులో ప్రసారమైంది. ఆ ముడి విప్పేది మూడో సీజన్‌లో, వార్ వితౌట్ ఎండ్ అనే రెండు భాగాల ఎపిసోడ్‌లో, 1996 మేలో. మధ్యలో కథానాయకుడే మారిపోయాడు, అయినా ఆ లెక్క సరిపోయింది. ఎలా అన్నది చెప్తే మీ రెండేళ్ళ కష్టం పాడుచేసినవాణ్ణవుతాను. ఇరవయ్యో ఎపిసోడ్ చూడకుండా అక్కడికి వెళ్తే అది ఒక యాక్షన్ ఎపిసోడ్. చూసి వెళ్తే గొంతు పట్టేస్తుంది.

ఇంకా ముఖ్యమైంది లొండో, జికార్‌ల కథ. సెంటారీ, నార్న్ అనే రెండు పగబట్టిన జాతుల తరఫున స్టేషన్‌లో ఉండే రాయబారులు వీళ్ళు. నా మటుకు నాకు ఈ సిరీస్ ప్రాణం అక్కడే ఉంది. మీరు చూసిన మొదటి ఎపిసోడే గుర్తు తెచ్చుకోండి. నార్న్‌లు రగేష్ 3 మీద దాడి చేశారు, అక్కడ లొండో బంధువుల కుర్రాడున్నాడు. లొండో కమాండర్‌తో తన కల గురించి చెప్తాడు. వాళ్ళ జాతిలో కొందరికి తమ చావు ముందే కలలో కనపడుతుంది. ఇరవై ఏళ్ళ తర్వాత, ముసలివాడై, ఒకరి గొంతు తన చేతుల్లో, తన గొంతు వాళ్ళ చేతుల్లో, ఇద్దరూ చచ్చిపోతారు. జికార్‌ను మొదటిసారి చూసిన క్షణంలోనే ఆ ముఖాన్ని గుర్తుపట్టాడు. మొదటి ఎపిసోడ్‌లోనే ఇద్దరు ముఖ్యుల చావు చెప్పేశారన్నమాట.

చెప్పేస్తే ఇంక చూడటానికేముంది అని మీ రెండో ఆయన అడగొచ్చు. మనం ఆ మాట అనకూడదు. భీముడు నిండు సభలో దుర్యోధనుడి తొడ విరగ్గొడతానని ఒట్టు పెట్టుకున్న రోజే గదాయుద్ధం ఎలా ముగుస్తుందో మనకు తెలుసు. పరశురాముడు శపించిన రోజే కర్ణుడికి ఏ పూట ఏది గుర్తురాదో తెలుసు. అయినా ఆ పూట వచ్చేసరికి మన మనసు ఒక పక్కన నిలబడదు. నడుం కింద కొట్టకూడదన్న నియమం అడ్డొస్తుంది, బలరాముడి కోపం న్యాయంగానే కనపడుతుంది, ఒట్టు నెరవేరినా గెలిచినట్టు ఉండదు. కొమురవెల్లి మల్లన్న కథ ఒగ్గువాళ్ళు చెప్తుంటే రాత్రంతా కూర్చునేవాళ్ళకు చివర ఏం జరుగుతుందో తెలియకనా? ఏం జరుగుతుందో తెలిశాక మిగిలేది, అక్కడికి ఎలా చేరారన్నది. లొండో కల కూడా అంతే. ఈ గొంతులు పట్టుకోవడం పగతోనే అని మీరిప్పుడు అనుకుంటున్నారు. అలా అనుకునే ముందుకు వెళ్ళండి.

పదమూడో ఎపిసోడ్ సైన్స్ అండ్ పోర్టెంట్స్ దాకా ఓపిక పట్టండి. మోర్డెన్ అని ఒకడు స్టేషన్‌కు వస్తాడు. మంచి సూటు, తెచ్చిపెట్టుకున్న చిరునవ్వు. ఒక్కో రాయబారి దగ్గరికి వెళ్ళి ఒకటే అడుగుతాడు: నీకేం కావాలి? జికార్ తన జాతిని నలిపినవాళ్ళ మీద పగ తీరాలంటాడు. తీరాక ఏం కావాలని అడిగితే అతని దగ్గర జవాబు లేదు. మిన్‌బారీ జాతి రాయబారి డెలెన్ మోర్డెన్‌లో ఏదో చూసి బయటకు పొమ్మంటుంది. లొండో పని తొందరలో ఉంటాడు, విసుక్కుంటాడు, వాడు వదలడు, అడిగిందే అడుగుతాడు. చివరికి లొండో ఆగి, అప్పటిదాకా మనల్ని నవ్విస్తూ వచ్చిన ఆ తాగుబోతు రాయబారి, తన జాతికి పోయిన వైభవం తిరిగి రావాలని, నక్షత్రాలను మళ్ళీ శాసించాలని కోరిక విప్పి చెప్తాడు. నటుడు పీటర్ జురాసిక్ గొంతు ఆ రెండు మూడు వాక్యాల్లో మారిపోతుంది. పేలుడు లేదు, ఓడలు లేవు, నడవాలో ఇద్దరు మనుషులు. తర్వాతి నాలుగేళ్ళు ఆ జవాబుకు బాకీ కట్టడమే. రెండో సీజన్ నుంచి మొదలుపెట్టినవాడికి లొండో చేసేవన్నీ అర్థమవుతాయి గానీ, ఆ నవ్వించే మనిషి ఎవరో తెలియదు కాబట్టి ఏం పోయిందో తెలియదు.

ఫిల్లర్ అన్న మాటతో నాకు పేచీ అందుకే. మొదటి సీజన్‌లో బలహీనమైనవి లేవని అనను. నాలుగోది, ఇన్‌ఫెక్షన్, నిజంగానే నీరసం. సెట్లు చిన్నవి, గ్రాఫిక్స్ అప్పటి కంప్యూటర్ల మీద చేసినవి, ఇప్పటి కళ్ళకు బొమ్మల్లా ఉంటాయి. కానీ ముడి పడని ఎపిసోడ్ అంతా వేస్టు అనుకోవద్దు. మీరు ఆగిన చోటి తర్వాతిదే, పదోది, బిలీవర్స్, డేవిడ్ గెరాల్డ్ రాశాడు. బిడ్డకు ఆపరేషన్ చేస్తే బతుకుతాడు, తల్లిదండ్రుల విశ్వాసం ఒప్పుకోదు, డాక్టర్ ఫ్రాంక్లిన్ ఏం చేయాలి? పెద్ద కథతో దానికి సంబంధం తక్కువ. చూశాక మాత్రం మీరు నలుగురూ ఆ రాత్రి రెండు వర్గాలవుతారు.

ప్లాన్ ఎంత గట్టిదైనా బయటి దెబ్బ తప్పదన్నదానికి నాలుగో సీజనే సాక్ష్యం. సిరీస్‌ను నడిపిన పీటెన్ నెట్‌వర్క్ మూతపడే దశకొచ్చింది, ఐదో సీజన్ ఉంటుందన్న నమ్మకం పోయింది. ఏం చేస్తాడు? ఐదేళ్ళ పెద్ద పాయలను నాలుగో ఏడులోనే ముగించేలా బిగించాడు. అందుకే ఒక భారీ పాయ ఆ సీజన్ ఆరో ఎపిసోడ్‌కే తేలిపోతుంది, చాలామంది అభిమానులకు అది ఇప్పటికీ హడావుడిగా అనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది. సిరీస్ చివరి ఎపిసోడ్‌ను కూడా నాలుగో సీజన్‌తోనే షూట్ చేసేశారు. అంతలో టీఎన్‌టీ ఛానెల్ ఐదో సీజన్ తీసుకుంది. ఆ ఎపిసోడ్‌ను పక్కన దాచి, దాని స్థానంలో ఇంకోటి తీసి నాలుగో సీజన్ ముగించారు. దాచినది 1998 నవంబర్‌లో చివరగా వేశారు. దీని ఫలితం ఐదో సీజన్ మొదటి సగంలో తెలుస్తుంది: ముఖ్యమైనవి ముందే అయిపోయాయి, కథ వెతుక్కుంటూ నడుస్తుంది. లొండో, జికార్‌ల కోసం దాన్ని దాటండి.

బ్యాటిల్‌స్టార్ మీద మీ స్నేహితుడి కోపం సగం న్యాయం. ప్రతి వారం టైటిల్స్‌లో సైలాన్‌లకు, అంటే మనుషుల మీద తిరగబడ్డ యంత్రాలకు, ఒక ప్లాన్ ఉందని అక్షరాలు వేసి చూపించారు. మనుషుల మధ్య దాగిన చివరి ఐదుగురు సైలాన్‌లు ఎవరన్నది మాత్రం మూడో సీజన్ రాసేటప్పుడు తేల్చుకున్నదే, సిరీస్ నడిపిన రొనాల్డ్ డి. మూర్ ఆ మాట దాచుకోలేదు. లేని ప్లాన్ ఉందని ప్రేక్షకుడికి మాటిచ్చారు, అక్కడ ఆయన కోపానికి నేనూ సంతకం పెడతాను. మిగతా సగం ఆయన చూడాల్సింది వేరే ఉంది. అదే టైటిల్స్‌లో ఇంకో అంకె కూడా ఉంటుంది, బతికున్న మనుషుల లెక్క. మొదటి ఎపిసోడ్ 33లో 50,298. ప్రెసిడెంట్ రాస్లిన్ తెల్ల బోర్డు మీద ఆ అంకెను చేత్తో తుడిచి మళ్ళీ రాస్తుంది, చనిపోయినవాళ్ళను తీసేస్తుంది, ఓడలో బిడ్డ పుట్టిందని తెలిస్తే ఒకటి కలుపుతుంది. ఆ అంకె నాలుగు సీజన్లూ వెనక్కి రీసెట్ కాలేదు. రహస్యం దగ్గర తడబడిన సిరీస్, మనుషుల లెక్కను మాత్రం చివరిదాకా వదల్లేదు. అందుకే దాని ముగింపు నచ్చనివాళ్ళు కూడా మొదటి రెండు సీజన్లను ప్రేమిస్తారు.

లాస్ట్ గురించి ఎక్కువ చెప్పను. దాని ఇబ్బంది రచయితల బద్ధకం కంటే ముగింపు తేదీ లేకపోవడం. ఎన్నేళ్ళు నడుస్తుందో తెలియని కథలో ఏ రహస్యమూ విప్పడానికి ధైర్యం చాలదు, సీరియల్ రాసిన ఎవరినైనా అడగండి. 2007 మేలో ఛానెల్ ఇంకో 48 ఎపిసోడ్లు, 2010లో ముగింపు అని ప్రకటించింది. నాలుగో సీజన్ నుంచి కథ నడక మారడం మీరే చూస్తారు.

ఎక్స్‌పాన్స్ అభిమానికి ఒక మాట. నవలలుండటం గొప్ప బలమే, ప్రోటోమాలిక్యూల్ అనే గ్రహాంతర పదార్థం వల్ల జరిగిన ప్రతిదానికీ రాజకీయంగా, మనుషులపరంగా ఫలితం ఉండటం దాని వల్లే. జేమ్స్ ఎస్. ఎ. కోరీ పేరుతో ఇద్దరు రాసిన ఆ నవలలు తొమ్మిది. సిరీస్ ఆరింటి దగ్గర ఆగింది. మొదట నడిపిన ఛానెల్ 2018లో మూడు సీజన్లకే రద్దు చేస్తే, అభిమానుల ఒత్తిడి తర్వాత అమెజాన్ తీసుకుని ఇంకో మూడు సీజన్లు తీసింది. ఐదో సీజన్ చివర ఒక ముఖ్య పాత్ర నవలకు భిన్నంగా చనిపోతుంది, ఆ నటుడు ఇక ఉండడు కాబట్టి. ఆరో సీజన్‌లో లకోనియా గ్రహం మీద వేసిన ముడి తెర మీద విప్పకుండానే ఉండిపోయింది. తొమ్మిది పుస్తకాలు బల్ల మీద ఉన్నా ఇంత జరిగింది. స్ట్రజిన్‌స్కీ బల్ల మీద పుస్తకం లేదు, తన తల ఒక్కటే ఉంది.

అభిమానుల ఊహల మీద కూడా ఒకటి చెప్పాలి, మీరు రూమ్‌లో థియరీలు రాసుకుంటున్నామన్నారు కాబట్టి. స్ట్రజిన్‌స్కీ తొంభైల్లోనే ఇంటర్నెట్‌లో అభిమానులతో రోజూ మాట్లాడేవాడు. ఒక అభిమాని ఊహించి రాసిన సంగతి, ఆయన తీయబోయే ఒక ఎపిసోడ్ ఆలోచనకు దగ్గరగా వచ్చింది. తర్వాత కోర్టు గొడవలు రాకుండా దాన్ని పక్కన పెట్టేశాడు. ఆ అభిమాని తనకు అభ్యంతరం లేదని రాసిచ్చాకే తీశాడు. మూడో సీజన్‌లోని పాసింగ్ త్రూ గెత్సెమనే అదే, బ్రాడ్ డూరిఫ్ నటించింది, మొత్తం సిరీస్‌లో నాకు బాగా దగ్గరైన వాటిలో ఒకటి. ఒక్క ఊహ వల్ల అది దాదాపు పోయేది. ఆయన కథా ఆలోచనలు పంపొద్దని బతిమాలింది అందుకే.

స్టార్ ట్రెక్ వాళ్ళ ఇంకో సిరీస్ డీప్ స్పేస్ నైన్ బాబిలాన్ 5ను చూసి కాపీ కొట్టిందా అనే గొడవలోకి మీరు దిగకండి. అది 1993 జనవరిలో, బాబిలాన్ 5 పైలట్ ఫిబ్రవరిలో వచ్చాయి, అప్పటి నుంచీ ఆ గొడవ నడుస్తూనే ఉంది, తేలదు. తేడా చూడండి. డీప్ స్పేస్ నైన్ ముందుగా పెద్ద పథకం లేకుండా మొదలై, రెండో సీజన్‌లో డొమినియన్ అనే శత్రు సామ్రాజ్యం పేరు మెల్లగా చెవిన వేసి, ఆరో సీజన్ మొదట్లో వరుసగా ఆరు ఎపిసోడ్ల యుద్ధానికి, ఏడో సీజన్ చివర పది ఎపిసోడ్ల ముగింపుకు చేరింది. అది నడుస్తూ అల్లినదే, గట్టిగానే నిలబడింది. పూర్తిగా ముందే బిగించిన కథ ఎలా ఉంటుందో చూడాలంటే జర్మన్ సిరీస్ డార్క్ ఉంది, మూడు సీజన్లు, 26 ఎపిసోడ్లు. 110 ఎపిసోడ్లకు అంత బిగింపు ఎవరి తరమూ కాదు.

మీ వాదన ఆగదని తెలుసు, ఆగాలని కూడా నేను కోరుకోను. కానీ ఈ ఆదివారం నుంచి "ఇది ముందే అనుకున్నారా" అని కాకుండా, "ఈ ఎపిసోడ్‌లో ఎవరికి ఏం పోయింది, తర్వాతిది దాన్ని ఎలా గుర్తుపెట్టుకుంది" అని అడిగి చూడండి. గూగుల్ అక్కర్లేకుండా తెర మీదే సాక్ష్యం దొరుకుతుంది.

ఇక చూసే వరుస. పైలట్ ది గాదరింగ్ చూడకపోతే ఇప్పుడు చూడండి, 1998లో టీఎన్‌టీ కోసం తిరిగి ఎడిట్ చేసిన రూపం దొరికితే అది మేలు. ఎంత బతిమాలినా మీ మొదటి స్నేహితుడు వినకపోతే, మొదటి సీజన్‌లో మిగిలిన వాటిలో సైన్స్ అండ్ పోర్టెంట్స్, బాబిలాన్ స్క్వేర్డ్, ఆఖరుది క్రిసాలిస్, ఈ మూడూ లేకుండా రెండో సీజన్ పెట్టనివ్వకండి. చూసేసిన వాటిలో ఐదోది, ది పార్లమెంట్ ఆఫ్ డ్రీమ్స్, చివరి సీన్ ఒక్కటి మళ్ళీ వేయండి. భూమి మీద మతం ఏమిటో చూపించమంటే సింక్లేర్ ఒక నాస్తికుడితో మొదలుపెట్టి వరుసలో నిలబెట్టిన మనుషులందరినీ పరిచయం చేస్తాడు, ఆ వరుస ఎంతకీ ముగియదు. ఇన్ ద బిగినింగ్ అనే సినిమా కథ ప్రకారం అన్నిటికంటే ముందు జరిగేది కాబట్టి ముందే చూద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, సింక్లేర్ మర్చిపోయిన ఇరవై నాలుగు గంటల గుట్టు అందులో రట్టయిపోతుంది. అది 1998 జనవరిలో, ఐదో సీజన్‌కు కాస్త ముందు ప్రసారమైంది. మీరు కూడా నాలుగో సీజన్ అయ్యాకే పెట్టుకోండి.